మీకు తెలుసా? చేనికి రిటైర్మెంటు లేదు

అనంతపురం జిల్లా కణేకల్‌లో ఏ వీధిలో చూసినా అరవై ఏళ్లు రెండు రకాలు. బడి అయ్యవారికి అరవై అంటే ఇంకా రెండేళ్ల సర్వీసు. పక్కింట్లో కూలికి పోయే అవ్వకు అరవై అంటే నెలకు 4,000 రూపాయల పింఛను రావాల్సిన వయసు. అయ్యవారి రిటైర్మెంటు గీత పన్నెండేళ్లలో రెండుసార్లు పైకి జరిగింది. అవ్వ పింఛను గీత ఒకసారి కిందికి దిగింది. పేపర్లలో, టీవీల్లో చర్చంతా మొదటి గీత మీదే. ఊళ్లో జనం మాత్రం ఎక్కువగా రెండో గీత దగ్గరే ఉన్నారు. ఈ రెండింటి చుట్టూ ఉన్న సంగతులు కొన్ని చూడండి.

55 ఏళ్లకే ఇంటికి పంపిన ముఖ్యమంత్రి వయసెంతో తెలుసా?

59. ఎన్.టి.రామారావు పుట్టింది 1923 మే 28న. ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసింది 1983 జనవరి 9న. నెల తిరిగేసరికి, ఫిబ్రవరి 8న, రాష్ట్ర ఉద్యోగుల పదవీ విరమణ వయసును 58 నుంచి 55కు తగ్గిస్తూ ఉత్తర్వు వచ్చింది. అమలు ఫిబ్రవరి 28 నుంచి. అంటే 20 రోజుల గడువు. ఇంకో మూడేళ్లు జీతం వస్తుందన్న ధైర్యంతో కూతురి పెళ్లి, ఇంటి అప్పు లెక్కలేసుకున్నవాళ్లు ఆ నెలాఖరుకు ఖాళీ చేతులతో ఇల్లు చేరారు. 18,000 మందికి పైగా ప్రభుత్వోద్యోగులు, మరో 10,000 మంది ప్రభుత్వరంగ సంస్థల ఉద్యోగులు దీంతో దిగిపోయారని సుప్రీంకోర్టు రికార్డు చెబుతోంది. పెద్దలు తప్పుకుంటే కుర్రవాళ్లకు ఉద్యోగాలొస్తాయన్నది ప్రభుత్వ వాదన. ఆ లెక్కన చూస్తే ముఖ్యమంత్రే నాలుగేళ్ల కిందట రిటైరవ్వాలి. నాయకులకు, నటులకు ఆ నియమం లేదు కాబట్టి సరిపోయింది.

ఉద్యోగులు కోర్టుకెక్కారు. నాగరాజు కేసుగా పేరుపడిన ఆ వ్యాజ్యంలో ప్రధాన న్యాయమూర్తి వై.వి.చంద్రచూడ్ 1985 జనవరిలో తీర్పునిస్తూ, వయసు తగ్గించే అధికారం ప్రభుత్వానికి ఉందని తేల్చారు. ఇక్కడితో అయిపోతే ఇందులో విశేషమేమీ లేదు. తీర్పు రాకముందే, 1984 ఆగస్టు 23న ఆర్డినెన్సుతో వయసు మళ్లీ 58 అయింది. అప్పుడు గద్దె మీద ఉన్నది నాదెండ్ల భాస్కరరావు నెల రోజుల ప్రభుత్వం. మరి మధ్యలో ఇంటికి పోయినవాళ్ల గతేమిటి? వాళ్ల గురించి ఆర్డినెన్సు పట్టించుకోలేదు. మళ్లీ ఢిల్లీ. ఈసారి ప్రభాకరరావు కేసు. 1985 ఆగస్టులో వచ్చిన తీర్పు వాళ్ల పక్షాన నిలిచింది. 58 నిండనివాళ్లను తిరిగి కొలువులోకి తీసుకోమంది, నిండినవాళ్లకు పరిహారం ఇమ్మంది. ఆ తీర్పు రాసిన జస్టిస్ ఒ.చిన్నప్పరెడ్డిది మన అనంతపురం జిల్లా గుత్తి ప్రాంతం. ఒక ముఖ్యమంత్రి సంతకంతో పోయిన కొలువు, కరువు జిల్లా మనిషి కలంతో తిరిగొచ్చిందన్నమాట.

ఇన్నేళ్లని మొదట గీత గీసిందెవరు?

జర్మనీలో బిస్మార్క్ 1889లో వృద్ధాప్య పింఛను చట్టం తెచ్చినప్పుడు పెట్టిన వయసు 70. దాన్ని 65కు దించింది 1916లో. మన దగ్గర బ్రిటిష్ వాళ్ల నిబంధనల్లో 55. కేంద్రం దాన్ని 1962లో 58 చేసింది, 1998లో 60 చేసింది. స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో భారతీయుడి సగటు ఆయుర్దాయం 32 ఏళ్ల చిల్లర. అంటే 55 అన్నది ఆనాటి జనంలో చాలామంది చూడని వయసు. ఇప్పుడు సగటు ఆయుర్దాయం 70 దగ్గర ఉంది. గీత పైకి జరగడంలో వింతేమీ లేదు. అది ఎవరి కోసం జరుగుతోందన్నదే అసలు ప్రశ్న.

పన్నెండేళ్లలో నాలుగేళ్లు రిటైర్మెంట్లే లేవు

రాష్ట్రం విడిపోయాక 2014 జూన్ 8న చంద్రబాబు నాయుడు పెట్టిన తొలి సంతకాల్లో ఉద్యోగుల వయసు 58 నుంచి 60కి పెంచే ఫైలు ఒకటి. జూన్ 2 నుంచే అమలన్నారు. 2022 జనవరిలో వై.ఎస్.జగన్మోహన్ రెడ్డి ప్రభుత్వం పీఆర్సీ వేతన సవరణతో పాటు 62 చేసింది. ఇలా రెండేళ్లు పెంచిన ప్రతిసారీ ఆ రెండేళ్లూ వయసు నిండి దిగిపోయేవాళ్లే ఉండరు. 2014 నడుమ నుంచి 2016 నడుమ దాకా, మళ్లీ 2022, 2023 సంవత్సరాల్లో ఆఫీసుల్లో సన్మాన సభలు, శాలువాలు, వెండి గిన్నెలు కరువయ్యాయి. ఖజానాకు ఒక వెసులుబాటు కూడా దొరుకుతుంది. గ్రాట్యుటీ, సెలవుల నగదు, కమ్యుటేషన్ లాంటి పెద్ద మొత్తాలు రెండేళ్లు వెనక్కి జరుగుతాయి. పెద్దల అనుభవం వృథా కాకూడదన్నారు గానీ, దాని వెనక ఈ లెక్క కూడా ఉందని ట్రెజరీలో ఏ గుమాస్తానడిగినా చెబుతాడు.

1983లో కుర్రవాళ్ల పేరు చెప్పి పెద్దల్ని దించారు. 2022లో పెద్దల్ని ఉంచితే, మా గతేమిటని కుర్రవాళ్లు అడిగారు. ఈ ప్రశ్నకు మధ్యలో వచ్చిన ఏ ప్రభుత్వమూ సూటిగా జవాబు చెప్పలేదు.

ఇంకో చిక్కు. రాష్ట్రంలో 2004 సెప్టెంబర్ 1 తర్వాత కొలువులో చేరినవాళ్లకు పాత పింఛను లేదు. జీతంలో నెలనెలా 10 శాతం కోసుకుని దాచే సీపీఎస్ వాళ్లది. వయసు గీత జరిగింది గానీ, ఆ గీత దాటాక ఇంట్లో ఎంత పడుతుందన్న భరోసా సడలింది. 2023లో గ్యారంటీ పింఛను అంటూ ఒక చట్టం తెచ్చారు. ఉద్యోగ సంఘాలు దానికీ తృప్తిపడలేదు.

తెలంగాణలో 2021లో 58 నుంచి ఒక్కసారిగా 61. కేరళలో పాత పింఛను ఉన్నవాళ్లకు ఇప్పటికీ 56. ఒక్క దేశంలో ఇన్ని రకాల ముసలితనాలు!

జులై 1న ఇంతమంది ఎలా పుట్టారు?

రాయలసీమలో ఒక తరం ఉద్యోగుల సర్వీసు రిజిస్టర్లు తిరగేయండి. జూన్ 1, జులై 1 తేదీలు వరసగా కనిపిస్తాయి. ఆ రోజుల్లో పురిట్లో తేదీ రాసుకునేవాళ్లెవరు? "తుంగభద్ర డ్యాము కడతా ఉన్నప్పుడు పుట్నాడు", "పెద్ద కరువొచ్చిన ఏడు పుట్నాడు" అని జేజి చెప్పేది. పిల్లోడి కుడిచెయ్యి తల మీదుగా తిప్పి ఎడమ చెవి అందుకోమనేవాడు హెడ్మాస్టరు. అందితే అయిదేళ్లు నిండినట్టు. బడి తెరిచే నెలను చూసుకుని, అయిదేళ్లు వెనక్కి లెక్కగట్టి, ఒకటో తేదీ వేసి, పక్కన సంతకం గీకేసేవాడు. మనిషి జీవితంలో అంత పెద్ద ఉత్తర్వు మళ్లీ ఏ అధికారీ ఇవ్వడు.

దాని ప్రభావం అరవయ్యేళ్ల తర్వాత తెలుస్తుంది. ఉద్యోగి పుట్టిన నెల ఆఖరి రోజున రిటైరవ్వాలన్నది రూలు. అయితే ఒకటో తేదీన పుట్టినవాడు అంతకు ముందు నెల ఆఖరి రోజునే దిగిపోతాడు. జులై 1 వాడికి జూన్ 30నే చివరి సంతకం. హెడ్మాస్టరు 1 బదులు 2 అని రాసుంటే ఒక నెల జీతం ఎక్కువొచ్చేది. ఏడాది పొడుగునా పనిచేసి, ఇంక్రిమెంటు చేతికందే రోజుకు సరిగ్గా ముందురోజు దిగిపోయినవాళ్ల కథ సుప్రీంకోర్టు దాకా పోయింది. మన పొరుగున కర్ణాటక విద్యుత్ ప్రసార సంస్థ ఉద్యోగి కేసులో, పని చేసిన ఏడాదికి ఇంక్రిమెంటు ఇచ్చి తీరాలని 2023 ఏప్రిల్ 11న తీర్పొచ్చింది.

తేదీ తప్పు పడిందని ఇప్పుడు మొత్తుకున్నా లాభం లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 1984 నాటి రూల్స్ ప్రకారం సర్వీసు రిజిస్టరుకెక్కిన పుట్టిన తేదీని, గుమాస్తా చేతి పొరపాటైతే తప్ప, దిద్దరు.

కణేకల్ వాళ్లకు దీని మీద ఇంకో తిరకాసు ఉంది. 1953 అక్టోబర్ 1 దాకా రాయదుర్గం తాలూకా బళ్లారి జిల్లాలో ఉండేది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన రోజు అది అనంతపురంలో కలిసింది. కాబట్టి ఈ ఊళ్లో 73 దాటిన తాత ఎవరైనా బళ్లారి జిల్లాలో పుట్టి, ఇల్లు కదలకుండానే అనంతపురం జిల్లాలో ముసలివాడయ్యాడు.

రిటైరయ్యే వయసులో తొలి పోస్టింగు

1998 డీఎస్సీ పేరు ఉపాధ్యాయ వర్గాల్లో తెలియనివాళ్లుండరు. అప్పుడు పరీక్ష రాసి, అర్హత సాధించి, వివాదాల్లో చిక్కుకుని ఉద్యోగం రానివాళ్లకు పాతికేళ్ల తర్వాత, 2023లో కాంట్రాక్టు టీచర్లుగా పోస్టింగులిచ్చారు. కొందరి వయసు అప్పటికి 55 దాటింది. ఈ మధ్యకాలంలో వాళ్లు బట్టలమ్మారు, ట్యూషన్లు చెప్పారు, సేద్యం చేశారు. 1983 నాటి రూలు ఇంకా ఉండుంటే పోస్టింగు ఆర్డరు, రిటైర్మెంటు ఆర్డరు ఒకే కవర్లో వచ్చేవి. 2025 మెగా డీఎస్సీకి గరిష్ఠ వయసు 44 చేశారు. బీసీ, ఎస్సీ, ఎస్టీలకు ఇంకో అయిదేళ్ల సడలింపు. 49లో చేరినవాడికి 62 దాకా ఉన్నది 13 ఏళ్లు. గీతను ఆ కొస మీద పెంచుతూ, ఈ కొస మీద నియామకాలు ఆలస్యం చేస్తూ పోతే మధ్యలో మిగిలేది ఇంతే.

పింఛను వయసు మాత్రం తగ్గింది

ఇప్పుడు రెండో గీత. వృద్ధాప్య పింఛనుకు రాష్ట్రంలో 2019 దాకా 65 నిండాలి. ఆ ఏడాది మే 30న దాన్ని 60కి దించారు. చేనేత, కల్లుగీత కార్మికులకు, మత్స్యకారులకు, డప్పు కళాకారులకు 50 చాలు. చెప్పులు కుట్టేవాళ్లకు 40. రాయదుర్గంలో మగ్గం గుంతలో ముప్పయ్యేళ్లు కూర్చున్న మనిషి మోకాళ్లు చూసినవాళ్లెవరూ 50 తొందరేమో అనరు. ఏ పని మనిషిని ఎంత త్వరగా అరగదీస్తుందో ప్రభుత్వం ఒప్పుకున్న జాబితా ఇదొక్కటే. కానీ అందులో శనక్కాయ చేలో వంగి పెరికే కూలి మనిషి లేదు. వరి నాటే మనిషీ లేదు. వాళ్లకు మామూలుగా 60 నిండాల్సిందే.

మొత్తం ఎలా పెరిగిందో కూడా చూడండి. 2006లో 75 రూపాయల నుంచి 200. 2014 అక్టోబర్ 2 నుంచి 1,000. 2019 జనవరిలో 2,000. తర్వాత 2,250 నుంచి మెట్లుమెట్లుగా 2024 జనవరికి 3,000. ఆ ఏడు జులై 1 నుంచి ఎన్టీఆర్ భరోసా పేరుతో 4,000. ఆ రోజు పాత బకాయిలతో కలిపి ఒక్కొక్క వృద్ధురాలి చేతిలో 7,000 పడ్డాయి. రాష్ట్రమంతటా అన్ని రకాల పింఛన్లూ కలిపి 65 లక్షల మందికి, 4,400 కోట్ల రూపాయలు. ఉద్యోగుల వయసు 60 చేసిన ఫైలు, పింఛను వెయ్యి చేసిన ఫైలు రెండూ 2014లో ఒకే రోజున సంతకమయ్యాయన్నది చాలామంది మరిచిపోయిన ముచ్చట.

ఇందులో కేంద్రం వాటా ఎంతో ఊహించండి. 79 ఏళ్ల దాకా 200 రూపాయలు. 80 దాటితే 500. ఆ 200 ఎప్పటిదో తెలుసా? 2006 నాటిది. అప్పట్నుంచి టీ రేటు ఎన్నిసార్లు పెరిగిందో లెక్క మీరే వేసుకోండి.

వేలిముద్ర పడని చేతులు

నెల ఒకటో తేదీ. పొద్దున్నే సచివాలయం ఉద్యోగి బండి ఆపుతాడు. అరుగు మీద అవ్వలు, తాతలు అప్పటికే తయారు. ఒకటో తేదీ ఆదివారమైతే ఈ తంతు ముందురోజే అయిపోతుంది. ఫోనుకు తగిలించిన చిన్న పరికరం మీద బొటనవేలు పెట్టాలి. ఏళ్ల తరబడి శనక్కాయ చెట్టు పెరికి, కొడవలి పట్టి, గరుకు నేలలో కలుపు తీసిన వేళ్ల మీద గీతలేముంటాయి?

"అవ్వా, గట్టిగా అదుము."

"అదుమ్తానే ఉండా కదా నాయనా."

"ఆ వేలు వద్దులే. చేయి కడుక్కొని రా, ఇంకో వేలు చూద్దాం."

"ఏం నాయనా, ఈ నెల నా దుడ్లు రావా?"

"వస్తాయి లేవ్వా. కండ్లు పెద్దగా తెరువు, కంటిది చూస్తాది."

కంటిపాపను చూసి యంత్రం ఒప్పుకుంటుంది. ఎనిమిది అయిదు వందల నోట్లు. అవ్వ వాటిని రెండుసార్లు లెక్కపెట్టి కొంగున ముడేస్తుంది. అప్పటికే బెంగళూరు నుంచి కొడుకు ఫోను. "పడిందా మా?"

ఈ పింఛనుకూ షరతులున్నాయి. మాగాణి మూడెకరాలు, మెట్ట పదెకరాలు దాటకూడదు. కారు ఉండకూడదు. నెలకు 300 యూనిట్లకు మించి కరెంటు కాలకూడదు. మామూలుగా ఒక రేషన్ కార్డుకు ఒక పింఛనే. ముసలాయన, ముసలామె ఇద్దరూ 60 దాటినా ఒకరికే వస్తుంది. ఆ 4,000లో ఇద్దరి బీపీ మాత్రలు, బియ్యం కాక మిగతా సరుకులు, మనవడికి పండగ చొక్కా. పింఛను తీసుకుంటున్న భర్త పోతే భార్య పేరిట మార్చే వీలు 2024 చివర్లో గానీ రాలేదు.

రిటైర్మెంటు లేని చట్టం

2006 ఫిబ్రవరి 2న ప్రధాని మన్మోహన్ సింగ్ ఉపాధి హామీని ప్రారంభించింది మన అనంతపురం జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో. ఆ చట్టంలో కింది వయసు 18గా పెట్టారు. పై వయసు పెట్టలేదు. ఇదేదో మరిచిపోయి వదిలేసింది కాదు. శారీరక శ్రమ చేయగలిగినంతకాలం అడిగి పని తీసుకోవచ్చని అర్థం. ఎండాకాలంలో గుంతలు తవ్వే పని దగ్గర డెబ్బయ్యేళ్ల తాత పార పట్టుకుని నిలబడ్డాడంటే చట్టం దృష్టిలో అది హక్కు. ఆఫీసులో 62 దాటాక కుర్చీ ఇవ్వరు. చెరువు కట్ట మీద 72 దాటినా గంప ఇస్తారు. ఏది గౌరవమో, ఏది గతిలేనితనమో ఆ గంపెత్తే మనిషినే అడగాలి.

తుంగభద్ర గేటు దగ్గర నిలబడిన రిటైర్డ్ ఇంజనీరు

కణేకల్ అన్నం తుంగభద్ర ఎగువ కాలువ (హెచ్చెల్సీ) పెట్టింది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా గ్యారంటీ లేని జిల్లాలో ఇక్కడి చెరువు కింద వరి పచ్చగా ఉంటే అది హెచ్చెల్సీ చలవే. మరోపక్క వేదవతి, అదే హగరి, ఒడ్డున గాలికి ఇసుక మేటలు చేలమీదికి పాకుతుంటాయి. నీరొక వైపు, ఎడారి ఒక వైపు.

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాము 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. నిండుకుండలా ఉన్న జలాశయం నుంచి నీళ్లు నదిలోకి దూకాయి. ఆ నీళ్ల మీద ఆశ పెట్టుకున్న రాయదుర్గం, కణేకల్, ఉరవకొండ రైతులకు ఆ వారం నిద్ర లేదు. అప్పుడు పిలిపించింది ఎవరిని? చిత్తూరు జిల్లాకు చెందిన కన్నయ్య నాయుడిని. హోస్పేటలో డ్యాము గేట్లు చేసే తుంగభద్ర స్టీల్ ప్రొడక్ట్స్‌లో ఏళ్లపాటు పనిచేసి రిటైరైన మనిషి. వయసు ఎనభైకి దగ్గర. పారే నీటిలోనే, జలాశయం ఖాళీ చెయ్యకుండా, పోయిన గేటు చోట స్టాప్‌లాగ్‌లు దించే పద్ధతి ఆయన చెప్పారు. వారం తిరిగేసరికి, ఆగస్టు 17 నాటికి నీళ్లు ఆగాయి. తర్వాత ప్రకాశం బ్యారేజీ గేట్లు దెబ్బతిన్నప్పుడూ ఆయన్నే తీసుకెళ్లారు. ప్రభుత్వం సలహాదారుగా పెట్టుకుంది.

ఆ గేట్లు చేసే కంపెనీని మూసేయాలని కేంద్రం 2015లోనే నిర్ణయించింది. కంపెనీ పోయింది. కొత్తగా నేర్చుకున్నవాళ్లు తయారుకాలేదు. పని తెలిసిన చివరి తరం ఇళ్లల్లో ఉంది. అనుభవాన్ని ఉంచుకోవాలంటే రెండేళ్లు వయసు పెంచడం ఒక్కటే దారి కాదని, పక్కన కూర్చోబెట్టి నేర్పించే ఏర్పాటు ముందు కావాలని ఈ గేటు చెప్పింది. విజయనగరంలో ఒక విశ్వవిద్యాలయంలో తొంభై దాటాక కూడా ఫిజిక్స్ పాఠం చెప్పిన ప్రొఫెసర్ చిలుకూరి శాంతమ్మ 1989లోనే ఆంధ్రా యూనివర్సిటీలో రిటైరైనవారు. ఇలాంటివాళ్లను పిలవడానికి గేటు తెగేదాకా ఆగాల్సిన పనిలేదు.

మనది ముసలి రాష్ట్రమవుతోందా?

అవుతోంది. 2021 అంచనాల ప్రకారం 60 దాటినవాళ్లు దేశంలో 10.1 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 12.4 శాతం. కేరళ, తమిళనాడు, హిమాచల్, పంజాబ్ తర్వాత మనమే. 2031కి మన వాటా 16.4 శాతానికి చేరుతుందని, పంజాబ్‌ను దాటేస్తామని లెక్క. కారణం దాపరికం లేనిది. పిల్లలు తగ్గారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో రాష్ట్రంలో ఒక మహిళకు సగటున 1.7 మంది బిడ్డలు. జనాభా నిలబడాలంటే 2.1 కావాలి.

ఇద్దరు మించితే సర్పంచిగా పోటీకి పనికిరావన్న నిబంధన 1994 చట్టం నాటిది. ముప్పయ్యేళ్లకు, 2024 నవంబర్‌లో, శాసనసభ దాన్ని ఎత్తేసింది. ముఖ్యమంత్రి ఎక్కువమంది పిల్లల్ని కనండంటున్నారు. ఒకప్పుడు కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణం గోడల మీద వేయించినదీ ప్రభుత్వమే. కణేకల్‌లో ఆస్పత్రి నడిపిన ఆర్డీటీ లాంటి స్వచ్ఛంద సంస్థలు కాన్పు క్షేమంగా జరగడం నేర్పాయి, పుట్టిన బిడ్డ బతుకుతాడన్న నమ్మకం వచ్చాక తల్లులే ఇద్దరితో ఆపారు. ఆ తల్లులే ఈరోజు అవ్వలు. మళ్లీ కనమంటే వాళ్ల కోడళ్లు నవ్వుతారు. బిడ్డను పెంచే ఖర్చు ఎవరిస్తారని అడుగుతారు.

చైనా 2025 జనవరి 1 నుంచి మగవాళ్ల రిటైర్మెంటు వయసును 15 ఏళ్లలో 60 నుంచి 63కు పెంచుకుంటూ పోతోంది. డెన్మార్క్ 2040కి 70 చేయడానికి 2025లో చట్టం చేసింది. ఫ్రాన్స్‌లో 2023లో 62ను 64 చేస్తామంటే జనం నెలల తరబడి వీధుల్లోకి వచ్చారు. వాళ్ల గొడవ పనిలోంచి ఎప్పుడు బయటపడతామన్నది. కణేకల్ కూలి మనిషికి బయటపడే దారి ఏనాడూ లేదు.

ఇక్కడ ముసలితనానికి ఇంకో కారణం బస్సు. చదువుకున్నవాళ్లు, చదువుకోనివాళ్లు ఇద్దరూ బళ్లారికో, బెంగళూరుకో పోతారు. పోయినవాళ్లంతా పనిచేసే వయసువాళ్లు. జనాభా లెక్కలో ముసలివాళ్ల శాతం ఎంతున్నా, పగటిపూట ఊళ్లో కనిపించే శాతం దానికి రెట్టింపుంటుందని అరుగుల మీద చూస్తే అర్థమవుతుంది. చేను కౌలుకు ఇచ్చినా, ఇవ్వకపోయినా కాపలా ముసలాయనదే.

62లో మళ్లీ మొదలుపెట్టిన అనంతపురం రైతు

నీలం సంజీవరెడ్డి మన జిల్లా ఇల్లూరువాసి. 1969లో రాష్ట్రపతి ఎన్నికలో ఓడి, రాజకీయాలకు దండం పెట్టి సేద్యానికొచ్చేశారు. 1975లో, 62వ ఏట, తిరిగి రంగంలోకి దిగారు. 1977 జులైలో పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు. ఇప్పటి సర్వీసు రూలు ప్రకారం దిగిపోవాల్సిన ఏట ఆయన మొదలుపెట్టారు.

ఆస్తి రాసిచ్చాక కూడా వెనక్కి తీసుకోవచ్చని తెలుసా?

ఇది మాత్రం నలుగురికీ చెప్పండి. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. చూడని బిడ్డల మీద తల్లి గానీ తండ్రి గానీ ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్లో అర్జీ పెట్టుకోవచ్చు. కణేకల్ వాళ్లకు ఆర్డీవో ఉండేది కళ్యాణదుర్గంలో. వకీలును పెట్టుకోవాల్సిన పనిలేదు. తెల్లకాగితం మీద రాసినా చాలు. నెలకు 10,000 రూపాయల దాకా పోషణ ఖర్చు ఇప్పించవచ్చు. చట్టంలో 23వ సెక్షన్ అసలు కీలకం. బాగా చూసుకుంటామన్న షరతు మీద చేనో, ఇల్లో బిడ్డలకు రాసిచ్చాక వాళ్లు చూడకపోతే ఆ దస్తావేజు రద్దు చేయించుకోవచ్చు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఒక తల్లి కేసులో అలా దానపత్రం రద్దు కావడాన్ని సమర్థించింది. అయితే రాసేటప్పుడే ఆ షరతు దస్తావేజులో పడాలి. రిజిస్ట్రారు ఆఫీసు ముందు దస్తావేజు రాసేవాణ్ని ఆ ఒక్క వాక్యం చేర్చమని పట్టుబట్టండి. కొడుకు ఏమనుకుంటాడోనన్న మొహమాటంతో వదిలేసిన వాక్యమే తర్వాత కొంప ముంచుతుంది.

పెద్దమనుషుల పంచాయితీలో "నెలకొకరింట్లో" అని తేల్చే పద్ధతి ఊళ్లలో ఇంకా నడుస్తోంది. జనవరిలో పెద్దోడింట్లో, ఫిబ్రవరిలో చిన్నోడింట్లో. నా మట్టుకు నాకు దాని మీద గౌరవం లేదు. 31 రోజుల నెల ఎవరికొచ్చిందని వాదులాడుకునేవాళ్లున్నారు.

మరికొన్ని ముక్కలు

కేంద్ర ప్రభుత్వ పింఛనుదారుకు 80 నిండితే పింఛను మీద 20 శాతం అదనం. 90కి 40 శాతం. నూరేళ్లు నిండితే నూరు శాతం, అంటే రెట్టింపు.

70 నిండినవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా అయిదు లక్షల వైద్యం వర్తించేలా ఆయుష్మాన్ భారత్‌ను 2024 అక్టోబర్ 29న విస్తరించారు.

బతికే ఉన్నానని ఏటా రుజువు చూపించే లైఫ్ సర్టిఫికెట్‌ను ఆధార్‌తో ఇంటినుంచే ఇచ్చే పద్ధతి 2014 నవంబర్‌లో వచ్చింది. దానికీ వేలిముద్రో, కంటిపాపో కావాలి, లేకుంటే ముఖం చూపించాలి.

తెలుగు సంవత్సరాల పేర్లు అరవయ్యేళ్లకోసారి తిరిగొస్తాయి. అందుకే షష్టిపూర్తి. ఉద్యోగి ఇప్పుడు షష్టిపూర్తి చేసుకుని, పెళ్లికొడుకై, మర్నాడు ఆఫీసుకు పోయి సంతకం పెడుతున్నాడు.

చివరగా ఒక పని. మీ ఇంట్లోనో, మీ చేలో పనిచేసేవాళ్లలోనో 55 దాటినవాళ్లుంటే వాళ్ల ఆధార్ కార్డు తీసి పుట్టిన తేదీ చూడండి. నమోదు రోజున సరైన కాగితం లేకపోతే ఏడు మాత్రం అడిగి జనవరి 1 వేసేశారు. ఆ ఏడు నాలుగైదేళ్లు అటూ ఇటూ పడినవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. పింఛను వయసు లెక్కగట్టేది ఆ తేదీతోనే. పుట్టిన తేదీ మార్చుకునే అవకాశం మామూలుగా ఒక్కసారే ఇస్తారు. కాబట్టి బడి రికార్డో, మరో గట్టి కాగితమో చేతిలో పెట్టుకుని, 60 దగ్గరపడకముందే ఆధార్ కేంద్రానికి తీసుకెళ్లండి.